వూల్స్‌థార్ప్ మేనర్: న్యూటన్ పుట్టిన పల్లెటూరి ఇంటిని తీరికగా చూడటం ఎలా

ఇంగ్లండ్ తూర్పు భాగాన ఉన్న లింకన్‌షైర్‌లో, గ్రాంథమ్ పట్టణానికి దక్షిణంగా సుమారు 8 మైళ్ల దూరంలో, కోల్‌స్టర్‌వర్త్ ఊరిని ఆనుకుని వూల్స్‌థార్ప్ అనే చిన్న పల్లె ఉంది. ఐజాక్ న్యూటన్ 1642 డిసెంబరు 25న, అంటే ఇప్పటి క్యాలెండర్ లెక్కలో 1643 జనవరి 4న, ఆ పల్లెలోని రాతి ఇంట్లోనే పుట్టాడు. ప్లేగు కారణంగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మూతపడిన రోజుల్లో తిరిగివచ్చి కాంతి గురించి, గురుత్వాకర్షణ గురించి, కలన గణితం గురించి ఆలోచించిందీ అక్కడే. లెస్టర్, నాటింగ్‌హామ్, పీటర్‌బరో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కారులో గంటకు అటూ ఇటూగా పట్టే ప్రయాణం. లండన్‌లో ఉన్నవారు కూడా ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

చాలామంది ఈ ఇంటిని చూసే తీరు ఒకటే: యాపిల్ చెట్టు దగ్గర ఫొటో దిగి, గదులన్నీ ఇరవై నిమిషాల్లో చుట్టేసి, మరో పెద్ద కోటకో భవంతికో బయలుదేరుతారు. ఇల్లు చిన్నది కాబట్టి చూడటానికి తక్కువ సమయం చాలునని అనుకోవడమే ఇందుకు కారణం. నా అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నం. రాజభవనంలో బంగారు పూత, పెద్ద పెద్ద చిత్రపటాలు, పాలరాతి మెట్లు వాటంతట అవే మన చూపును లాక్కుంటాయి కాబట్టి అక్కడ తొందరగా నడిచినా ఏదో ఒకటి చూసిన తృప్తి మిగులుతుంది. వూల్స్‌థార్ప్‌లో అలాంటి వస్తువులు లేవు. గోడ మీది గీతను, గది పొడవును, కిటికీ నుంచి కనిపించే దూరాన్ని మనమే వెతికి పట్టుకోవాలి. అందుకు కనీసం మూడు గంటలు ఈ ఒక్క చోటికే కేటాయించుకోవాలి. మరొకటి, దీన్ని ముందుగా ఒక రైతు ఇల్లుగా చూసి, ఆ తర్వాత న్యూటన్ ఇల్లుగా చూస్తే రెండూ చక్కగా అర్థమవుతాయి.

రైతు ఇల్లు అనడానికి కారణం ఉంది. మధ్యయుగాల నాటి ఇంగ్లండ్‌లో మేనర్ అంటే కొంత భూమి, దాని మీద కొన్ని హక్కులు, అక్కడి రైతుల మధ్య చిన్న తగాదాలు తీర్చే ఒక న్యాయసభ కలిసిన ఏర్పాటు. కాలం గడిచేకొద్దీ డబ్బున్న రైతులు కూడా ఆ హక్కులను కొనుక్కోగలిగారు. న్యూటన్ తాత రాబర్ట్ 1623లో వూల్స్‌థార్ప్ మేనర్‌ను అలాగే కొన్నాడు. కాబట్టి తెలంగాణ గడీల ఎత్తైన ప్రహరీలను, బురుజులను ఊహించుకుని వెళ్లేవారికి ఇక్కడ కనిపించేది ఒక మోస్తరు రెండంతస్తుల ఇల్లు, దాని చుట్టూ కొట్టాలు, తోట, పచ్చిక బయలు మాత్రమే. న్యూటన్ తండ్రి, ఆయన పేరూ ఐజాకే, కొడుకు పుట్టడానికి మూడు నెలల ముందే మరణించాడు. సంతకం చేయడం కూడా రాని ఆ రైతు వదిలి వెళ్లిన ఆస్తి జాబితాలో 234 గొర్రెలు, 46 పశువులు ఉన్నాయి. ఆ ప్రాంతపు సగటు రైతుతో పోలిస్తే అది చాలా పెద్ద మంద. ఇంటి గోడల్లోని ప్రతి రాయి వెనుక ఉన్ని అమ్మిన డబ్బు ఉందని గుర్తుపెట్టుకుంటే, లోపలికి అడుగుపెట్టినప్పుడు చూపు వేరుగా ఉంటుంది.

వెళ్లే ముందు చేయవలసినవి

ఈ ఇంటిని చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నిర్వహిస్తోంది. న్యూటన్ పుట్టి మూడు వందల ఏళ్లు నిండిన సందర్భంలో, 1940ల తొలినాళ్లలో, శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ, దాతృత్వ సంస్థ పిల్‌గ్రిమ్ ట్రస్ట్ చొరవతో ఇది ఆ సంస్థ చేతికి వచ్చింది. తెరిచి ఉండే రోజులు, వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. తోట, ఫలహారశాల తెరిచి ఉన్నంత మాత్రాన ఇంటి లోపలి గదులు కూడా తెరిచి ఉంటాయని అనుకోకూడదు. కాబట్టి ట్రస్ట్ వెబ్‌సైటులో వూల్స్‌థార్ప్ పేజీ తెరిచి, మీరు వెళ్లదలచిన తేదీన ఇంటి లోపలికి ప్రవేశం ఉందా, ఫలానా సమయానికని ముందుగా టికెట్టు తీసుకోవాలా అన్న రెండు విషయాలను ప్రత్యేకంగా చూసుకోండి. గదులు ఇరుకు కాబట్టి రద్దీ రోజుల్లో లోపలికి కొద్దికొద్దిమందినే పంపడం ఇలాంటి ఇళ్లలో మామూలే. ట్రస్ట్ సభ్యత్వం ఉన్నవారికి ప్రవేశం ఉచితం. ఏడాదిలో ఇలాంటి చోట్లు నాలుగైదు చూసే కుటుంబమైతే సభ్యత్వం తీసుకోవడమే మేలు.

ఏ నెలలో వెళ్లాలన్నది మీరు ఏమి చూడాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. యాపిల్ పూత కోసమైతే ఏప్రిల్ చివర, మే మొదట వెళ్లాలి. చెట్టు మీద కాయలు చూడాలంటే సెప్టెంబరు మంచిది. శీతాకాలంలో పగలు చాలా చిన్నది. పాత ఇంట్లో వెలుతురు అసలే తక్కువ కాబట్టి మబ్బు పట్టిన డిసెంబరు మధ్యాహ్నం గోడ మీది గీతలేవీ కంటికి ఆనవు. ఏ కాలమైనా ఎండ ఉన్న రోజును ఎంచుకోగలిగితే అంతకన్నా అదృష్టం లేదు, ఎందుకంటే ఈ ఇంటి కథలో సగం సూర్యకాంతి కథే.

కారులో వచ్చేవారు ఏ1 రహదారి నుంచి కోల్‌స్టర్‌వర్త్ దగ్గర దిగి, గోధుమ రంగు దారి పలకలను అనుసరిస్తే చాలు. రైలులో వచ్చేవారికి లండన్ కింగ్స్ క్రాస్ నుంచి గ్రాంథమ్‌కు నేరుగా రైళ్లు ఉన్నాయి. ప్రయాణం గంటకు కొంచెం పైగా పడుతుంది. అసలు ఇబ్బంది ఆ తర్వాతే. గ్రాంథమ్ నుంచి కోల్‌స్టర్‌వర్త్ వైపు వెళ్లే పల్లె బస్సులు పట్నం బస్సుల్లా వెంటవెంటనే ఉండవు. వాటి వేళలు ముందు రోజే చూసుకుని, ముఖ్యంగా ఆదివారం వెళ్లేటట్లయితే రాకపోకలకు ట్యాక్సీని ముందే మాట్లాడుకోవడం క్షేమం. బస్సు దిగాక కోల్‌స్టర్‌వర్త్ నుంచి ఇంటి దాకా నడవవలసి ఉంటుంది. వానలు పడ్డాక దారిలోనూ తోటలోనూ బురద ఉంటుంది కాబట్టి గట్టి బూట్లు వేసుకోండి. లోపలికి వెళ్లే ముందు గుమ్మం దగ్గర వాటిని శుభ్రంగా తుడుచుకోండి, ఎందుకంటే ఆ నేలలకు ఇసుక రేణువుల రాపిడిని మించిన శత్రువు లేదు.

వీపు సంచులను లోపల ముందుకు వేసుకోమనో, బయట వదిలి రమ్మనో అడుగుతారు. తలుపులు పొట్టిగా, మెట్లు ఇరుకుగా, కొంచెం నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారు, చక్రాల కుర్చీ అవసరమైనవారు పై అంతస్తుకు చేరడం గురించి, అందుకు బదులుగా కింద ఏమి చూపించగలరన్న దాని గురించి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. పసిపిల్లల తోపుడు బండ్లు ఆ మెట్ల మీద సాగవు. బిడ్డను ఎత్తుకుని తిరగడానికి గుడ్డ ఊయల వంటిది ఉంటే మంచిది. ఫ్లాష్ లేకుండా సొంతానికి ఫొటోలు తీసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంట్లో తినడం, తాగడం కుదరదు. మన కుటుంబాలు ఎలాగూ పులిహోరో చపాతీలో కట్టుకుని వెళతాయి కాబట్టి, వాటిని బయట ఎక్కడ కూర్చుని తినవచ్చో సిబ్బందిని అడిగితే చూపిస్తారు.

లోపలికి వెళ్లే ముందు బయట నిలబడండి

టికెట్టు చూపించగానే నేరుగా తలుపు వైపు నడవకుండా కాసేపు ఇంటి ముందు నిలబడి చూడమని నా మనవి. పదిహేడో శతాబ్దపు తొలినాళ్లలో, ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయితో కట్టిన ఇల్లిది. కిటికీల వరుసను, పొగగొట్టాలను చూసి లోపల ఏ గది ఎక్కడ ఉంటుందో, ఏ గదిలో నిప్పు వెలిగేదో ఊహించండి. ముందు గుమ్మం పైన ఒక రాతి పలక ఉంది. దాని మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ఎముకల గుర్తు కనిపిస్తుంది. పిల్లలు దాన్ని సముద్రపు దొంగల జెండా అనుకుంటారు గానీ అది న్యూటన్ కుటుంబ చిహ్నం.

తర్వాత వెనక్కి తిరిగి పొలాల వైపు చూడండి. 1659 అక్టోబరులో, పదహారేళ్ల న్యూటన్ చదువు మాన్పించి సేద్యంలో పెట్టిన రోజుల్లో, కోల్‌స్టర్‌వర్త్ మేనర్ న్యాయసభ అతనికి జరిమానాలు విధించింది. గొర్రెలు హద్దు మీరి మేసినందుకు 3 షిల్లింగుల 4 పెన్నీలు, పందులు పంట చేలలో పడినందుకు ఒక షిల్లింగు, కంచె బాగు చేయించనందుకు మరో షిల్లింగు. మేనర్ అనే ఏర్పాటు ఎలా పనిచేసేదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు: సొంత మేనర్ ఉన్న కుటుంబపు కుర్రవాడు కూడా పక్క మేనర్ సభ ముందు జవాబు చెప్పుకోవలసిందే. ఆ కుర్రవాడు సేద్యానికి పనికిరాడని తేలిపోయాక, మేనమామ, గ్రాంథమ్ బడి పంతులు కలిసి తల్లిని ఒప్పించి మళ్లీ చదువుకు పంపారు. 1661లో అతను కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చేరాడు.

గదుల్లో ఏమి చూడాలి, ఎలా చూడాలి

ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే గది చీకటిగా తోస్తుంది. పాత గుడ్డలు, చెక్క, కాగితం వెలుతురుకు పాడవుతాయి కాబట్టి ఇలాంటి ఇళ్లలో కావాలనే వెలుతురు తగ్గిస్తారు. కళ్లు అలవాటు పడేదాకా రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉండండి. గదుల్లో వాలంటీర్లు ఉంటారు. చాలామంది మన వాళ్లు మొహమాటంతో వారికి నమస్కారపూర్వకంగా నవ్వి ముందుకు సాగిపోతారు. ఆ మొహమాటం ఇక్కడ వదిలేయాలి. వారు ఈ ఇంటిని ఇష్టపడి, సొంత సమయం ఇచ్చి అక్కడ నిలబడ్డవారు, అడిగితే చెప్పడానికి ఎంతో సంతోషిస్తారు. అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ గదిలో న్యూటన్ కాలం నాటిది ఏది, తర్వాత తెచ్చి పెట్టింది ఏది? సామాను చాలావరకు ఆ కాలపు ఇల్లు ఎలా ఉండేదో చూపడానికి సమకూర్చినదే తప్ప న్యూటన్ కుటుంబం వాడినది కాదు. అందుకని చూపును మంచాల మీద, కుర్చీల మీద కన్నా గోడల మీద, పొయ్యిల మీద, కిటికీల మీద ఎక్కువగా నిలపండి.

గోడల మీదికి చూపు ఎందుకు తిప్పాలంటే, చిన్ననాటి న్యూటన్ కనిపించిన గోడనల్లా పలకగా వాడుకున్నాడు. కాగితం ఖరీదైన రోజులవి. 2017లో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఒకరు కింది హాలులో పొయ్యి దగ్గర గోడ మీద గాలిమర బొమ్మ ఒకటి గీసి ఉందని కనిపెట్టారు. వేర్వేరు కోణాల నుంచి వెలుతురు ప్రసరింపజేస్తూ తీసిన ఫొటోలను కలిపి, మామూలు కంటికి ఆనని సన్నని గీతలను పైకి తెచ్చే పద్ధతిలో అది బయటపడింది. ఆ రోజుల్లో గ్రాంథమ్ దగ్గర కట్టిన గాలిమరను చూసి బాలుడు గీసి ఉంటాడని భావిస్తున్నారు. వాలంటీరును అడిగి ఆ చోటు ఎక్కడో తెలుసుకుని, గోడకు ఎదురుగా కాకుండా పక్కవాటుగా నిలబడి చూడండి. ఏటవాలు వెలుతురులో గీతలు నీడ పట్టి తేలుతాయి. మేడ మీది గోడల్లోనూ ఇలాంటి గీతలున్నాయి. చేతితో తడమాలని ఎంత అనిపించినా తాకకండి; చేతి తేమ, నూనె ఆ సున్నపు పూతను మెల్లమెల్లగా తినేస్తాయి.

మేడ మీది గదుల్లో ఒకటి న్యూటన్ పుట్టిన గదిగా చూపిస్తారు. నెలలు నిండకుండా, లీటరుకు కాస్త పైచిలుకు పట్టే కూజాలో ఇమిడేంత చిన్నగా పుట్టానని, బతుకుతానని ఎవరూ అనుకోలేదని తల్లి చెప్పినట్టు న్యూటన్ ముసలితనంలో చెప్పుకున్నాడు. ఆ గదిలో నిలబడినప్పుడు తల్లి హన్నా గురించి కూడా ఆలోచించాలి. బిడ్డకు మూడేళ్లప్పుడు ఆమె నార్త్ విథమ్ మతగురువు బార్నబాస్ స్మిత్‌ను మళ్లీ పెళ్లి చేసుకుని, కొడుకును అమ్మమ్మ దగ్గర ఈ ఇంట్లోనే వదిలి వెళ్లింది. నార్త్ విథమ్ ఇక్కడికి ఒకటిన్నర మైలు దూరమే. అంత దగ్గర్లో తల్లి ఉండి కూడా ఏడెనిమిదేళ్లు ఆమె లేకుండా పెరిగిన పిల్లవాడు, సవతి తండ్రినీ తల్లినీ ఇంటితో సహా తగలబెడతానని బెదిరించిన సంగతిని 1662లో తన పాపాల జాబితాలో రాసుకున్నాడు. స్మిత్ 1653లో మరణించాక హన్నా ముగ్గురు పిల్లలతో ఈ ఇంటికి తిరిగివచ్చింది. ఈ ఇంటిని మహనీయుడి జన్మస్థలంగా మాత్రమే చూసి వచ్చేవారికి ఈ కథ అందదు. నా దృష్టిలో యాపిల్ కథ కన్నా ఇదే ఆ గోడలకు దగ్గరైనది.

న్యూటన్ చదువుకున్న గదిగా చూపే చోట ఇంకొంత సమయం గడపండి. కేంబ్రిడ్జి 1665 వేసవిలో మూతపడింది. మధ్యలో 1666లో కొన్ని నెలలు అక్కడికి వెళ్లివచ్చినా, 1667 వసంతం దాకా న్యూటన్ ఎక్కువ కాలం ఇక్కడే ఉన్నాడు. అప్పటికి వయసు ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు. కిటికీ తలుపుకు చిన్న రంధ్రం చేసి, లోపలికి వచ్చిన ఎండను పట్టకం గుండా పంపి, 22 అడుగుల దూరంలోని గోడ మీద పడిన రంగుల పట్టీని కొలిచానని ఆయన 1672లో రాయల్ సొసైటీకి రాశాడు. పట్టీ గుండ్రంగా ఉండవలసింది పోయి, వెడల్పుకు దాదాపు ఐదింతల పొడవుగా సాగి ఉంది. తెల్లని వెలుగు రంగుల కలయిక అన్న ఆలోచనకు ఆధారం ఆ సాగుదలే. ఆ ప్రయోగాల్లో ఏది ఇక్కడ జరిగింది, ఏది కేంబ్రిడ్జిలో జరిగింది అన్న చర్చ పండితుల్లో ఇప్పటికీ ఉంది. అయినా కిటికీ దగ్గర నిలబడి ఎదుటి గోడ దాకా ఎన్ని అడుగులు ఉంటుందో కంటితో అంచనా వేయండి. పుస్తకంలో చదివిన అంకె అప్పుడు ఒక గది పొడవుగా మనసులో నిలుస్తుంది.

యాపిల్ చెట్టు దగ్గర

ఇల్లు చూశాకే చెట్టు దగ్గరికి వెళ్లమంటాను. ముందే వెళితే మిగిలినదంతా దాని ముందు వెలవెలబోతుంది. అది 'ఫ్లవర్ ఆఫ్ కెంట్' అనే వంట యాపిల్ రకం. కాయ పెద్దది, పులుపు. 1820లో గాలివానకు చెట్టు పడిపోయింది. విరిగిన కొమ్మలతో జ్ఞాపికలు చేసుకున్నారు గానీ, నేలకు ఒరిగిన మొద్దు మళ్లీ వేరూని చిగురించింది. ఇప్పుడు మనం చూసేది అదే. కాండం నేల దగ్గర ఎలా ఒరిగి, ఎలా లేచిందో గమనించండి. చుట్టూ అల్లిన తక్కువ ఎత్తు కంచె ఫొటోకు అడ్డంగా ఉందని దాటకండి. చూసేవారి పాదాల కింద మట్టి గట్టిపడి వేళ్లకు గాలి, నీరు అందకుండా పోతుందనే దాన్ని పెట్టారు. కాయలు కోయకూడదని వేరే చెప్పనవసరం లేదు.

పిల్లలకు ఇక్కడ ఒక దిద్దుబాటు చేయండి. కాయ న్యూటన్ నెత్తి మీద పడిందన్న మాటకు ఆధారం లేదు. విలియం స్టూక్లీ అనే స్నేహితుడితో 1726 ఏప్రిల్ 15న, లండన్ దగ్గరి కెన్సింగ్టన్‌లో, భోజనానంతరం యాపిల్ చెట్ల కింద టీ తాగుతూ న్యూటన్ స్వయంగా చెప్పింది ఇంతే: యాపిల్ రాలడం చూసి, అది పక్కకో పైకో కాక ఎప్పుడూ నిట్టనిలువుగా నేల వైపే ఎందుకు పడుతుందన్న ఆలోచన కలిగింది. ఈ చెట్టు అంట్లు ప్రపంచంలో చాలా చోట్లకు వెళ్లాయి. మన దేశంలో పుణెలోని ఐయూకా ఖగోళశాస్త్ర కేంద్రంలో కూడా నాటారు.

పిల్లలు వెంట ఉంటే ఆవరణలోని సైన్స్ సెంటర్‌కు సమయం మిగుల్చుకోండి. అక్కడ వస్తువులను చేత్తో పట్టుకుని, తిప్పి, పడేసి చూడవచ్చు కాబట్టి ఇంట్లో ఏదీ ముట్టుకోవద్దని అణచిపెట్టిన ఉత్సాహమంతా అక్కడ తీరుతుంది. ఇంకా మంచి పని, బయలుదేరడానికి ముందు వారం ఇంట్లోనే ఒక చవక పట్టకంతో ఎండను గోడ మీద రంగులుగా చీల్చి చూపించడం. అది చూసిన పిల్లవాడు మేడ మీది గదిలో అడిగే ప్రశ్నలే వేరు.

తిరుగు దారిలో

కోల్‌స్టర్‌వర్త్‌లోని సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చిని వదలకండి. న్యూటన్ నామకరణం జరిగింది, తల్లిదండ్రులను ఖననం చేసింది అక్కడే. న్యూటన్ తొమ్మిదేళ్ల వయసులో రాతి మీద చెక్కాడని చెప్పే నీడ గడియారం ఆ చర్చి లోపల ఉంది. వూల్స్‌థార్ప్ ఇంటి గోడ నుంచి తీసి 1877లో చర్చికి ఇచ్చారు. ఎందుకో తలకిందులుగా అమర్చారు, కాబట్టి మెడ వంచి చూడవలసిందే. పల్లె చర్చిలు అన్ని వేళలా తెరిచి ఉండవు. అది ఎప్పుడు తెరుస్తారో వూల్స్‌థార్ప్ సిబ్బందిని ముందే అడిగి, అవసరమైతే ఇంటి కన్నా చర్చినే ముందు చూసుకోండి.

గ్రాంథమ్‌లో రైలుకు గంటసేపు ఉంటే సెయింట్ పీటర్స్ హిల్‌లో 1858లో నిలిపిన న్యూటన్ కంచు విగ్రహం దగ్గరికి స్టేషన్ నుంచి కొద్ది దూరం నడిస్తే చాలు. న్యూటన్ చదివిన కింగ్స్ స్కూల్ కూడా ఆ పట్టణంలోనే ఉంది, అక్కడి పాత తరగతి గది కిటికీ రాతి మీద ఆయన పేరు చెక్కి ఉంది. కానీ అది ఇప్పటికీ నడుస్తున్న బడి కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. చూడాలనుకునేవారు బడి కార్యాలయానికి చాలా ముందుగా రాసి అడగాలి.